“నీ దుంప తెగ”: ఒక గ్రామ్యోక్తి పుట్టుపూర్వోత్తరములు

నెల్లూరు మండలమునఁ బడమటి దెస వెలిగొండల నానుకొని యుదయగిరి, ఆత్మకూరు సీమలు గలవు. 1513లో ముట్టడి ప్రారంభించి 1514లోఁ గృష్ణదేవరాయలు గజపతులనుండి యుదయగిరి దుర్గమును గైకొన్న వృత్తాంతము చరిత్రకారు లందఱు నెఱిఁగినదే. ఆ దుర్గమును గూర్చియు, నచటి దేవాలయములను గూర్చియు వ్రాసినవారు పలువురు గలరు. దుర్గపు నీడను భూమి దున్నుకొని బ్రతికిన జనుల నోటిమాటలను విచారించినవా రరుదు. అందును తిట్లనఁగాఁ బండితులు చెవులు మూసికొందురు. తిట్టును బలుకుట దోషమే కావచ్చును. తిట్టున కర్థ మేమని విచారించుట దోషము కాదు. ఏ జాతి దేనికి మిక్కిలి భయపడెనో యా జాతి తిట్లు చెప్పినట్లు మఱియేదియుఁ జెప్పఁజాలదు.

ఆ తిట్లలో “నీ దుంప తెగ” యనునది యొకటి. ఇది యీ సీమకుఁ మాత్రమే చెందినది గాదు. తెలుఁగునాఁట నంతటను వినఁబడును. కాని దీని చరిత్రమును నిర్ణయించుటకు నెల్లూరు పడమటి సీమల వాడుకయు, నచటి శిలాశాసనములును మంచి సాక్ష్యము నొసఁగుచున్నవి.

మొదట నీ పలుకుబడి యెన్ని విధములఁ బ్రయోగింపఁబడుచున్నదో చూడవలయును. కోపముతో శత్రువును శపించునపు డిది తిట్టు. కొంటెపని చేసిన మనుమని జూచి తాత “ఓరి నీ దుంప తెగ” యనునపు డిది మెచ్చుకోలు. అందుఁ గోపము లేశమైనను లేదు. పగలెల్లఁ బనిచేసి యలసినవాఁడు “దుంప తెగినది” యనునపుడు బడలికను జెప్పును. ఇంటిని గుల్ల చేసినవానిని గూర్చి “దుంపనాశనము చేసినాఁడు” అనునపు డిది సర్వనాశనమును దెలుపును. తిట్టు, మెప్పు, అలసట, వినాశము అను నీ నాలుగర్థములును నొక్క మూలమునుండియే పుట్టియుండవలయును. ఆ మూలమును వెదకుటయే యిచటి పని.

వ్యాకరణము ననుసరించి చూడఁగా “తెగ” యనునది తెగు ధాతువునకు అన్నంతరూపము. తెలుఁగు శాపములు పెక్కు లీ రూపముతోడనే ముగియుచున్నవి: నీ కడుపు కాల, నీ యిల్లు కూల, నీ నోట మన్ను పడ, నీ కండ్లు పగుల. అన్నంతముపైఁ గావలసిన క్రియ లోపించి, కోరిక మాత్రము నిలిచినది. “నీ యిల్లు బంగారముగాను” అను దానిలో ద్రుతము సైతము చెడక “కాను” అని నిలిచియుండుట యీ యూహను బలపఱచుచున్నది. ఇందు గమనింపఁదగిన విషయ మింకొకటి గలదు. కాలు, కూలు, పడు, పగులు, తెగు అను నీ ధాతువు లన్నియు నకర్మకములు. శపించువాఁడు “నేను నీ దుంప తెంచెదను” అనుట లేదు. తెంచువాఁ డెవఁడో చెప్పుట లేదు. తెగవలయునని మాత్రము కోరుచున్నాఁడు. ఆ పని దైవమునకో కాలమునకో విడువఁబడినది.

“తెగ” యనుటకు వంశశాఖ, జాతివిశేషము అను నర్థములు గూడఁ గలవు గదా, యిది నామవాచకము కారాదా యని శంకింపవచ్చును. నామవాచకమైనచో వాక్యమునకుఁ గ్రియ లేకపోవును. “దుంప తెగినది”, “దుంప తెంచినాఁడు” అను తక్కిన రూపములతోఁ బొందికయుఁ గుదురదు. తాటిటెంకనుండి మొలచు “తేగ”కును దీనికిని సంబంధము లేదు, దీర్ఘ మడ్డుచున్నది. తురుష్కుల యేలుబడిలోఁ జిరకాల మున్న యుదయగిరి వంటి తావున “దుంప” హిందుస్తానీలోఁ దోఁక కుఁ బేరైన “దుమ్” నుండి వచ్చెనా యనియుఁ దోఁపవచ్చును. అదియుఁ గుదురదు. తోఁక తెగిన జంతువు చావదు. దుంపనాశన మనఁగా సర్వనాశనము. కావున దుంప యనఁగాఁ గందమూలమే యని గ్రహింపవలయును.

ఇచట నెల్లూరు పడమటి సీమల వాడుక ముఖ్యమైన సాక్ష్యము నిచ్చుచున్నది. ఉత్తరపు జిల్లాలలో బంగాళాదుంప యనఁబడు దాని నీ సీమలో నుర్లగడ్డ యందురు. నీరుల్లి యెఱ్ఱగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, చిలగడదుంప గెనుసుగడ్డ. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుఁగును నాలుగు మాండలికములుగా విభజించినపుడు నెల్లూరును రాయలసీమతోఁ గూడ దక్షిణమాండలికమునఁ జేర్చుట కిట్టి సామ్యము లనుకూలించును. వంటయింటను, సంతలోను గడ్డ యనియే వాడు జనులు తిట్టునపుడు మాత్రము “నీ గడ్డ తెగ” యనరు. “నీ దుంప తెగ” యనియే యందురు. దీనివలన రెండు విషయములు తేలుచున్నవి. పలుకుబడి గడ్డకట్టినది, అందలి పదమును మార్చుటకు వలను పడదు. రెండవది, నిత్యవ్యవహారమున దుంప యను మాట విరళమైనచోట నా తిట్టు వినువారి మనసునకు మట్టిలోని మూలము తోఁపదు. మాట మోఁత మాత్రమే తోఁచును. ఈ రెండవ విషయముతో ముందు మరలఁ బని గలదు.

దుంప తెగుట యంత పెద్ద శాప మెట్లయ్యెను? పొలమున నిలిచి చూచినవారికి సమాధానము దొరకును. ఆత్మకూరు ప్రాంతమున ననంతసాగరము వంటి చెఱువులక్రింద వరి పండును. ఉదయగిరి వైపునఁ గొండచఱియల మెట్టభూములలోఁ జొన్న, సజ్జ మొదలగునవి పండును. తడిపొలమైనను మెట్టపొలమైనను రైతునకుఁ దుంగ శత్రువు. తుంగ యాకును గోసినను, గొడ్డు మేసినను, ఎండకు మాడినను నది చావదు. మట్టిక్రింద దుంప యున్నంతవఱకు మరల మొలచును. దుంపను ద్రవ్వి తీసినఁ గాని దాని సంతతి యాఁగదు. కంద, చేమ, పెండలములకును నిదే ధర్మము. పైమొక్క చచ్చినను దుంపనుండి మఱుసటి యేఁటి మొలక వచ్చును. వెలిగొండలలోఁ గందమూలములు త్రవ్వి జీవించిన యానాదులకు నీ ధర్మము సుపరిచితము. దుంపనంతయుఁ దీసిన తావున మఱుసటి యేఁడు తీఁగె మొలవదు. కాఁబట్టి మనుష్యునికి “దుంప తెగ” యనఁగా వాఁడొక్కఁడు చచ్చుట గాదు. వాని వెనుక మొలక లేకపోవుట. ఇది మరణశాపము గాదు, వంశశాపము.

సంస్కృతభాషయందును నిట్టి భావమే గలదు. నిర్మూలము, ఉన్మూలనము, మూలచ్ఛేదము అను మాట లన్నియు వేరునే పట్టుకొనియున్నవి. కాలికి గ్రుచ్చుకొన్న దర్భను చాణక్యుఁడు వేరుతోఁ బెకలించె ననియు, అట్లే నందవంశమును నిర్మూలించె ననియుఁ జెప్పు కథ బడిపిల్లలకు సైతము తెలిసినదే. గడ్డివేరును రాజవంశమును నొక్కటిగాఁ జూచు నా కథలోని యూహయే తెలుఁగు రైతు తిట్టులోను నున్నది. దుంపనాశనము అను సమాసమునఁ దెలుఁగు పూర్వపదము, సంస్కృత ముత్తరపదము; లాక్షణికుల దృష్టిలో నిది వైరిసమాసము. లక్షణమునకు విరుద్ధమైనను జనులు దీనిని విడువలేదు. “మూలనాశనము” అను పండితుల మాటలోని మొదటి సగమును దమ పొలములోని మాటగా మార్చుకొనిరి.

ఇఁక శాసనముల సాక్ష్యము. నెల్లూరు మండలమందలి తామ్రశిలాశాసనములను బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి గారలు తాలూకాల వారిగా సంతరించి 1905లో మూఁడు సంపుటములుగాఁ బ్రకటించిరి. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల శాసనములు నందుఁ గలవు. దేవబ్రాహ్మణులకు భూమినో చెఱువునో దానము చేసిన శాసనముల కొక క్రమము గలదు: తిథి, రాజు పేరు, దాత పేరు, భూమి యెల్లలు, కడపట శాపము. దానమును బుత్రపౌత్రపారంపర్యముగా, నాచంద్రార్కముగా ననుభవింపుఁడని దాత కోరును. దానిని హరించినవాఁడు గంగ యొడ్డునఁ గపిలగోవును జంపిన పాపమునఁ బోవు ననియు, మాతృపితృహత్యాదోషమునఁ బడు ననియు శపించును. తాను గాని యితరులు గాని యిచ్చిన భూమిని హరించినవాఁ డఱువదివేల యేండ్లు మలములోఁ బురుగై పుట్టునని చెప్పు సంస్కృతశ్లోకము దేశమంతటను శాసనములఁ గానవచ్చును. తురుష్కప్రభుత్వము వచ్చిన తరువాతఁ గొన్ని శాసనములు హిందువునకు గోవును, ముసల్మానునకుఁ బందిని నిషేధవస్తువులుగాఁ జెప్పి, యెవరి ధర్మమునకుఁ దగినట్లు వారిని శపించినవి.

ఈ శాపములు వట్టి యలంకారములు గావు. 14వ శతాబ్దిలో నుదయగిరి రాజ్యమును బాలించిన కంపరాయలు గాని, ఆయన కుమారుఁడు రెండవ సంగమరాయలు గాని తా మిచ్చిన దానమును దమ తరువాత నూఱేండ్లకుఁ గాపాడఁజాలరు. ఈ యిద్దఱికిని మంత్రియైనవాఁడు సాయణాచార్యుఁడు. 1356వ సంవత్సరపు బిట్రగుంట దానశాసనము సంగమరాయలదే; దానిని రచించినవాఁడు సాయణుని తమ్ముఁడైన భోగనాథుఁడు. అట్టి మహావిద్వాంసులు గల యాస్థానమునకును దానరక్షణకై తుదకు మిగిలిన యాయుధము వాక్కే. సేన పోవును, వంశము మాఱును, దుర్గము చేతులు మాఱును. గజపతులు పోయి రాయలు వచ్చెను. రాయలవారు పోయి గోలకొండవారు వచ్చిరి. ఱాతిపై నున్న శాపము మాత్రము నిలిచియుండును. శిక్షించు శక్తి లేనిచోట శాపమే శాసనము.

ఇచటఁ దిట్టును శాసనమును నొకచోటఁ గలియుచున్నవి. దానఫలము పుత్రపౌత్రపారంపర్యము, దానికి విరుద్ధమైన దండనము పారంపర్యచ్ఛేదము. శాసనమందలి పాపకర్మకును శిక్షకుఁడైన మనుష్యుఁడు లేఁడు. “ఈ పాపమునఁ బోవును” అనుటయే కాని “మేము చంపెదము” అనుట లేదు. గ్రామ్యమైన “దుంప తెగ”లోను గర్త లేఁడు. శాసనమునుండి తిట్టు పుట్టెనని గాని, తిట్టునుండి శాసనము పుట్టెనని గాని చెప్పఁబని లేదు. రెండును నొక్క సమాజపు భయమునుండి పుట్టినవి. పొలమునకు వారసుఁడు, పిండమునకుఁ గొడుకు లేకపోవుటకంటెఁ బెద్ద కీడు లేదని తలఁచిన సమాజ మది. బలవంతుఁడు గట్టు జరిపినపుడు న్యాయస్థానము చేరలేని పేదరైతునకును, సంతతివారికిఁ గాపుదల కోరిన రాజునకును నొక్కటే దిక్కు; అది నోరు.

పరదేశపుఁ దిట్లతోఁ బోల్చినచో మన తిట్టు స్వభావ మింకను స్పష్టమగును. స్పెయిను దేశపు మొఱటు పలుకులలో “మే కాగో ఎన్ దియెస్” అనునది ప్రసిద్ధము. “పదింటిపై మలవిసర్జనము చేసెదను” అని దాని యక్షరార్థము. పది యను సంఖ్య చేసిన యపరాధ మేమని వినువారి కచ్చెరువు కలుగును. ఆ భాషలో దేవునికి “దియోస్” అని పేరు, పదికి “దియెస్” అని పేరు. దేవుని పేరు చెప్పుట మహాపాతకము. 1478లో స్థాపితమై 1834లో రద్దుచేయఁబడిన మతవిచారణసభ దైవదూషకులను శిక్షించుచుండెను. అందుచే నాలుకమీఁదికి వచ్చిన దైవనామమును దప్పించి దానికి దగ్గఱి మ్రోఁత గల మాటను బెట్టిరి. పాలు, సముద్రము మొదలగు మాటలను బెట్టి పలికెడి వాడుకయుఁ గలదు. ఫ్రెంచివారు “పార్ దియో”ను “పార్ బ్లో”గా మార్చుకొన్నదియు నిట్లే.

తెలుఁగువారును నీ యుపాయము నెఱుఁగుదురు. “నీ యిల్లు కాల” యని నోటికి వచ్చినదానిని మధ్య నాపి “నీ యిల్లు బంగారముగాను” అని ముగింతురు. అయినను రెండు జాతులకు భేదము గలదు. స్పెయినువాని తిట్టునఁ గర్త తానే. పవిత్రవస్తువును మలినము చేయువాఁడు తానే. తెలుఁగువాని తిట్టునఁ గర్త మఱుగుపడియున్నాఁడు. నష్టపడునది దైవము గాదు, ఎదుటివాని యిల్లు, కడుపు, దుంప. వారి తిట్టు గుడిని దాఁకును. మన తిట్టు వంశమును దాఁకును.

తిట్టు మెప్పుగా మాఱుటయు నన్ని దేశములఁ గలదు. సెర్వాంటిసు రచించిన డాన్ కిహోటె రెండవభాగము 1615లో వెలువడినది. అందుఁ బదుమూఁడవ యధ్యాయమున సాంచో యను సేవకుఁడు తన కూఁతు విషయమున “వేశ్యాపుత్ర” యను తిట్టును విని మొదటఁ గినుక వహించును. మెప్పుగాఁ బలికితి నని రెండవవాఁడు చెప్పును. కొంతసేపటికి మంచి ద్రాక్షాసవము త్రావి సాంచో తానే యా తిట్టును మెప్పుగాఁ బలికి, యది దూషణము గాదని యొప్పుకొనును. మనుమని “దుంప తెగ” యని ముద్దాడు తాత చేయు పనియు నిదే.

తెలుఁగునాఁట దీనికి మఱియొక కారణమును జెప్పవచ్చును. చక్కనివానిని జక్కనివాఁ డనినచో దృష్టి తగులునను భయము పూర్వులకుఁ గలదు. బిడ్డలు పుట్టి చనిపోవుచుండిన యింటఁ బిమ్మటఁ బుట్టినవానికిఁ బెంటయ్య యనియు, పుల్లయ్య యనియు, కుప్పయ్య యనియు హీనమైన పేళ్లు పెట్టుచుండిరి. పెంటకుప్పయు, నెంగిలివిస్తరియు మృత్యువునకు రోఁత పుట్టించి బిడ్డను గాపాడునని వారి నమ్మకము. మెచ్చుకోవలసినచోటఁ దిట్టుటయు నిట్టి కవచమే.

అయినఁ దిట్లన్నియు నిట్లు మెత్తఁబడలేదు. ఇదియే యిందు విచారింపవలసిన ముఖ్యవిషయము. “నీ తాడు తెగ” యను శాపమునను నీ తెగు ధాతువే యున్నది, రూపము నిదే. కాని దానిని ముద్దుమాటగాఁ బలికినవారు లేరు. ఎందుచేత? తాడు కంటి యెదుట మెడలో నున్నది. అది తెగినపుడు కలుగు దుఃఖము ప్రతి వీథిలోను గనఁబడెను. దుంప మట్టిలో మఱుఁగుపడినది. మాటలోఁ గూడ మఱుఁగుపడినది. గడ్డ యని వాడు సీమలో నది మఱింత మఱుఁగుపడినది. అర్థము మఱువఁబడిన తిట్టు మెత్తఁబడినది. అర్థము కనఁబడుచున్న తిట్టు పదను చెడలేదు.

“వెధవ” యను మాటయు నీ సూత్రమునకే సాక్ష్యము. అది విధవాశబ్దభవము. ఉచ్చారణము మాఱి మూలమునుండి దూరమైనపిదప మగవానికిని, బడిపిల్లవానికిని సైతము “వెధవా” యని చెల్లుచున్నది. పలుకువానికి విధవ జ్ఞప్తికి రాదు. అట్లు ముండనము చేయఁబడిన స్త్రీని దెలుపు “ముండ” యను మాట మాత్రము స్త్రీ యెదుటఁ బలికినపుడు నేఁటికిని గాయపఱచును. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిరి. భర్త చనిపోయిన స్త్రీ యశుభ మను నమ్మకముపై నా పెండ్లి యొక దెబ్బ. నమ్మకము తగ్గిన కొలఁదిని దానిమీఁద నిలిచిన తిట్టును గూలవలసినది; కాని మాటలు మనుష్యులకంటె నెమ్మదిగా మాఱును.

ఇట్టి పలుకుబళ్లు నిఘంటువులయందుఁ జోటు పొందుట కష్టమైనది. బ్రౌను దొర 1852లోఁ బ్రకటించిన నిఘంటువున వ్యవహారపదములను నిస్సంకోచముగాఁ జేర్చెను. కార్ దొర 1868లో సామెతలను సంతరించి ప్రకటించెను. 1911లో వెలసిన యాంధ్రసాహిత్యపరిషత్తు పూనికతో 1936లో మొదటి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువు కావ్యభాషను బ్రధానముగాఁ గైకొనెను. కావ్యములలో వెదకినవారికిఁ గావ్యపదములే దొరకుట సహజము. పిమ్మట 1962లో వెలువడిన వ్యవసాయవృత్తిపదకోశము రైతుల నోటినుండి జిల్లాలవారిగా మాటలను సేకరించి యా లోపమును గొంత తీర్చినది. పనిముట్లకును బంటలకును గలిగిన యా గౌరవము తిట్లకును గలుగవలయును. ఏ యూర నే తిట్టు ఎవ రెవరి నేసందర్భమునఁ దిట్టుదురో వ్రాసియుంచకున్నఁ బొలములోని దుంపను మఱచినట్లే తక్కినవియు మఱపునఁ బడును.

బడిలో “దుంప తెగ” యనిన పిల్లవానిని శిక్షించుట యుపాధ్యాయుని ధర్మమే యనుకొన్నను, శిక్షించుటకు ముందు దాని యర్థమును జెప్పుట మేలు. తుంగదుంప కథ విన్న పిల్లవాఁడు తన తాత ముద్దుగాఁ బలికిన మాట యొకనాఁడు వంశమును గోరిన శాపమని తెలిసికొనును. “తాడు తెగ” యనరాదని చెప్పునపుడు కారణమును గూడఁ జెప్పినచో, నది యేల మెత్తఁబడలేదో యా పిల్లవానికి బోధపడును. తాలూకాలు 1985లో మండలములుగా మాఱినవి, దుర్గము శిథిలమైనది, దానశాసనములఁ బెక్కింటి భూములు దాతలు కోరినవారి చేతులలో లేవు. ఱాతిపైఁ జెక్కిన శాపమునకు భయపడువారును నేఁడు లేరు. నోటితోఁ బలికిన శాపము మాత్రము తన కోపమును బోఁగొట్టుకొని, మనుమలను ముద్దాడుటకై యుదయగిరి, ఆత్మకూరు సీమలలో నింకను వినఁబడుచున్నది.